కొమ్ముకు కట్టిన పడవ

ఆ చేప నబీకి మొదటి రోజు నుంచే నచ్చింది. ఆటోనగర్‌లో లారీ తలుపులూ, ఇళ్ళ గేట్లూ, కిటికీ గ్రిల్సూ అతుకుతూ పాతికేళ్ళు గడిపిన మనిషి అతను. ఆ పనుల్లో కొలత తప్పితే తలుపు పట్టదు, గేటు వాలిపోతుంది. దీనికి ఆ బాధ లేదు. పొలుసు ఒక అంగుళం పక్కకు జరిగినా చేప చేపలాగే ఉంటుంది.

బొమ్మ గీసింది ఎలిజబెత్. తెనాలిలో ఒక హైస్కూల్లో డ్రాయింగ్ టీచరు, అంతకుముందు విశాఖపట్నంలో శిల్పం చదువుకుంది. 2002 ఆగస్టులో ఒక ఆదివారం చుట్టిన కాగితం చంకలో పెట్టుకుని షెడ్డుకు వచ్చింది.

"మత్స్యకారుల సంఘం వాళ్ళు మత్స్యావతారం అడిగారు నబీ గారూ. సిమెంటు దేవుళ్ళు ఊరూరా ఉన్నారు. దీన్ని పాత ఇనుముతో చేద్దామని నా ఆశ. బోట్లకు వేసే రంగు వేస్తే ఉప్పుగాలికి ఆగుతుంది," అంది.

కాగితం మీద పద్నాలుగు అడుగుల చేప తోక మీద లేచి ముందుకు వంగి ఉంది. దాని నుదుటి నుంచి ఒక కొమ్ము, కొమ్ము నుంచి గొలుసు, గొలుసు చివర గాలిలో ఒక పడవ.

"చేపకు కొమ్మేంటండీ?" అని అడిగాడు నబీ.

"కథలో ఉందండీ. ప్రళయం వచ్చినప్పుడు మనువు ఎక్కిన పడవని ఆ కొమ్ముకే కడతారు. తాడు బదులు వాసుకి అనే పాము."

"మా నూహ్ ప్రవక్త ఓడ కథలాగే ఉంది."

"మా నోవహు ఓడ కూడా అదే కదండీ. అందులో ఓడని లాగే చేప లేదు, అంతే తేడా."

రెండు నెలలు పట్టింది. క్లచ్ ప్లేట్లు పొలుసులయ్యాయి. లారీ కమాను పట్టీలను వంచి రెక్కలు చేశాడు. పొట్ట దగ్గర రేకు వెయ్యకుండా ఒట్టి చువ్వలు వదిలేయమంది ఎలిజబెత్, అందులోంచి ఆకాశం కనిపించాలట. కళ్ళకు రెండు పెద్ద బేరింగులు పెట్టాడు. వేలితో తాకితే గిర్రున తిరిగేవి. అవి తిరుగుతుంటే చేప నిజంగా చుట్టూ చూస్తున్నట్టుండేది. శని ఆదివారాలు ఎలిజబెత్ వచ్చి, రెండో మాస్కు పెట్టుకుని, పక్కన నిలబడి ఎక్కడ ఏ ముక్క రావాలో చెప్పేది.

సెప్టెంబరు చివర్లో సంఘం ప్రెసిడెంటు బంగార్రాజు చేపను చూడడానికి వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, ఎండకు నల్లబడిన ఒళ్ళు, తెల్ల పంచె. చేప చుట్టూ మూడుసార్లు తిరిగి, పొట్ట చువ్వల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"డెబ్బై ఏడు ఉప్పెనలో నేను తాటిచెట్టు పట్టుకుని బతికానమ్మా," అన్నాడు ఎలిజబెత్‌తో. "పోయినోళ్ళ పేర్లు రాతి మీద చెక్కించుకున్నాం. ఏటా దండేస్తాం. మిగిలినోళ్ళ కోసం ఏమీ లేదు. ఈ నవంబరుకి పాతికేళ్ళు. మేం బతికి బయటపడ్డాం అని చెప్పేది కూడా ఒకటుండాలని సంఘంలో అనుకున్నాం."

"ఏ ఊరండీ మీది?" నబీ మర్యాదకు అడిగాడు. ఇన్నాళ్ళూ బందరు వాళ్ళే అనుకుంటున్నాడు.

"కొత్తమొగ. అవనిగడ్డ దాటి సముద్రం వైపు. చిన్న ఊరు, మీరెరగరు లెండి."

నబీ ఎరుగును.

ఆరేళ్ళ కిందట, 1996 వేసవిలో, ఒక బోటు యజమాని పిలిస్తే ఆ ఊరు వెళ్ళాడు. వల పైకి లాగే కప్పీని మోసే ఇనుప అడ్డకమ్మీ విరిగింది, దాన్ని అతకాలి. దారిలో వాన పడి వెల్డింగ్ రాడ్ల పెట్టె తడిసింది. తడి రాడ్డుతో అతికితే లోపల బుడగలు నిలిచిపోతాయి, పైకి కనబడవు. ఆ సంగతి నబీకి బాగా తెలుసు. రాడ్లు వేడి చేసి ఆరబెట్టడానికి రెండు గంటలు పడుతుంది. ఆ సాయంత్రమే భవానీపురంలో బావమరిది నిఖా. అతుకు చూడడానికి నున్నగానే వచ్చింది. సుత్తితో రెండు దెబ్బలు కొట్టి చూసుకుని బస్సెక్కేశాడు.

నాలుగు రోజుల తర్వాత వన్ టౌన్‌లో ఇనుప కొట్టు దగ్గర విన్నాడు. కొత్తమొగలో బోటు మీద అడ్డకమ్మీ ఊడి, తిరుమల అనే అతని తల మీద పడిందట. పెళ్ళై ఏడాది కూడా కాలేదట. ఇక్కడికే, పెద్దాసుపత్రికి తెచ్చారట. బతకడంటున్నారట.

నబీ ఆసుపత్రికి మూడుసార్లు వెళ్ళాడు. రెండుసార్లు గేటు దగ్గరే ఆగిపోయాడు. మూడోసారి వార్డు మెట్ల దాకా వెళ్ళాడు. మెట్ల మీద ఒక చిన్నపిల్లలాంటి ఆడమనిషి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు, ఎవరినీ చూడడం లేదు. ఆమె ఎవరో అతనికి ఎవరూ చెప్పలేదు, అయినా తెలిసిపోయింది. వెనక్కి తిరిగి వచ్చేశాడు. ఆ తర్వాత ఆ సంగతి ఎవరినీ అడగలేదు. బరువు మోసే పనులు ఒప్పుకోవడం మానేశాడు. గేట్లు, గ్రిల్స్, తలుపులు, అంతే. చేప కొమ్ముకు వేలాడే పడవ కూడా ఉత్త అలంకారమనే అనుకున్నాడు.

బంగార్రాజు వెళ్ళిపోగానే నబీ మాస్కు తీసి బల్ల మీద పెట్టాడు.

"చేప అయిపోయింది కదా మేడమ్. ఆ గొలుసూ పడవా పని మాత్రం ఇంకెవరిచేతనైనా చేయించుకోండి. పక్క షెడ్డులో ఇశ్రాయేలు ఉన్నాడు, మంచి పనోడు."

ఎలిజబెత్ అర్థం కానట్టు చూసింది. "గొలుసు అక్కడికెళ్ళాకే కదండీ కొమ్ముకి అతికేది. ఒక్క రోజు పని. ఎందుకొద్దంటున్నారు?"

"కళ్ళు మండుతున్నాయండీ."

పొద్దున్నంతా ఏ మంటా లేకుండా పని చేసిన మనిషి. ఆ మాట ఆమె అనలేదు. "ఆ పడవ కింద నేల లేదు నబీ గారూ. మొత్తం బరువు ఆ ఒక్క అతుకు మీదే. పిల్లలు ఎక్కుతారు, వద్దన్నా ఎక్కుతారు. ఎక్కాలనే అందేంత ఎత్తులో పెట్టాను. రెండు నెలలుగా మీ అతుకులు చూస్తున్నాను కాబట్టే ధైర్యంగా ఉన్నాను," అంది.

నబీ పనిముట్లు సర్దడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం భవానీపురంలో ఇంటి వరండాలో భార్య ఆమినాబీ గోంగూర ఒలుస్తోంది. నబీ పక్కన కూర్చుని తనూ ఒక కట్ట తీసుకున్నాడు. రెండు కాడలు ఒలిచాక, ఆరేళ్ళుగా ఆమెకు చెప్పని సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. వాన, రాడ్లు, బస్సు, ఆసుపత్రి మెట్లు. ఆమినాబీ చేతులు ఆగిపోయాయి.

"మా తమ్ముడి నిఖా రోజు," అంది చివరికి.

"అవును."

"అయితే ఆ అబ్బాయి చచ్చిపోయాడనే ఉన్నారా ఈ ఆరేళ్ళూ?"

"బతకడని అన్నారు."

"బతకడన్నారు. చచ్చాడని ఎవరన్నా అన్నారా?"

నబీ చేతిలోని కాడను రెండుగా విరిచాడు.

"వెళ్ళి చూడండి. పోయుంటే ఆ ఇంట్లోవాళ్ళ ముందు నిలబడి చెప్పండి. కొడితే పడండి. ఇక్కడ కూర్చుని రోజూ ఆ పిల్లోణ్ణి మళ్ళీ మళ్ళీ చంపడం ఎందుకు? అతను బతికుంటే అతనికీ మంచిది కాదు, మీకూ మంచిది కాదు." గోంగూర గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చి, "నాకు చెప్పాల్సింది," అంది మెల్లగా.

మర్నాడు పొద్దున్నే నబీ ఎలిజబెత్‌కు ఫోన్ చేసి తనే వస్తానన్నాడు. కొత్త రాడ్ల పెట్టెలు రెండు కొన్నాడు. ఒక రేకు డబ్బాలో వాటిని గంటల తరబడి వేడి చేసి, గోనెలో చుట్టి పెట్టాడు. బొమ్మకు వాడే గొలుసులోంచి రెండు లంకెలు కోసి, కమాను పట్టీ ముక్కకు అతికి, దానికి పాత లారీ ఇంజను వేలాడదీశాడు. రెండు రోజులు అది అలాగే వేలాడింది. ఇశ్రాయేలు వచ్చి, "ఏంటి నబీ భాయ్, ఇంజనుకి ఉరేశావా?" అని నవ్వాడు. నబీ నవ్వలేదు. మూడో రోజు ఇంజను దించి, అతుకును గ్రైండరుతో అడ్డంగా కోసి లోపల చూశాడు. ఒక్క బుడగ లేదు.

అక్టోబరు మూడోవారంలో గడ్డి మూటల మీద చేపనూ, పక్కన కొత్తగా చేసిన పడవనూ గొలుసునూ పెట్టుకుని లారీ బయలుదేరింది. ఉయ్యూరులో జనం సైకిళ్ళు ఆపి చూశారు. గుంటల్లో లారీ ఊగినప్పుడల్లా బేరింగు కళ్ళు అటూ ఇటూ తిరిగేవి. చల్లపల్లి దాకా ఎలిజబెత్ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. మోపిదేవి దాటాక నబీ, కళ్ళ మంట అబద్ధమని చెప్పి, జరిగిందంతా చెప్పాడు.

ఆమె అతని వైపు తిరిగింది. "ముందు ఆ ఇంటికే వెళ్ళండి," అంది. "చేప ఆగుతుంది. నన్ను రమ్మంటారా?"

"నేనొక్కణ్ణే వెళ్తానండీ."

కొత్తమొగలో దిమ్మ కట్టి సిద్ధంగా ఉంచారు. క్రేను వచ్చి ఉంది. బంగార్రాజు మనుషుల్ని పిలుచుకుంటూ హడావుడిగా తిరుగుతున్నాడు. నబీ పంపు దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న ఒకామెను తిరుమల ఇల్లు అడిగాడు.

"ఏ తిరుమల? తలకి దెబ్బ తగిలిన తిరుమలా? ఆ చివర, నీలం తలుపు."

నీలం తలుపు ముందు టార్పాలిన్ పరిచి ఒకామె రొయ్యలు ఎండబెడుతోంది. కాస్త ఒళ్ళు చేసింది. అయినా నబీ గుర్తుపట్టాడు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్న మనిషే.

"తిరుమల గారిల్లేనా అమ్మా?"

"ఆఁ."

"ఆయన ఉన్నారా?"

"లేడయ్యా," అంది రొయ్యలు తిరగేస్తూనే.

ఇలా విన్నప్పుడు ఏం చెప్పాలో నబీ దారి పొడవునా లోపల అనుకుంటూనే వచ్చాడు. ఒక్క మాటా గుర్తు రాలేదు. అక్కడే ఇసకలో కూర్చుండిపోయాడు. "ఎప్పుడమ్మా?" అన్నాడు.

"తెల్లారగట్ల. ఐసు కోసం అవనిగడ్డ వెళ్ళాడు. ఈపాటికి రావాలే." ఆమె అప్పుడు తలెత్తి చూసింది. "ఏంటయ్యా, ఎండ దెబ్బ తగిలిందా? మంచినీళ్ళు తెచ్చేదా?"

నబీ భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి, ఏమీ తోచక పక్కన నిలబడింది. నీళ్ళు తాగాక, ఇసకలోంచి లేవకుండానే, తనెవరో చెప్పాడు. బోటు, తడిసిన రాడ్లు, ఆసుపత్రి మెట్లు అన్నీ చెప్పాడు.

ఆమె పేరు రత్తమ్మ. వింటున్నకొద్దీ మొహం బిగుసుకుపోయింది.

"నన్ను చూసి వెళ్ళిపోయావా?" అంది. "మూడు నెలలు అతనికి స్పూనుతో పాలు పోశాను. నన్ను గుర్తుపట్టడానికి రెండు నెలలు పట్టింది. మా అమ్మ లేదు, అత్త లేదు. ఆ మెట్ల మీద కూర్చుని, ఎవరన్నా మనిషి వచ్చి ఓ మాట మాట్లాడితే బావుణ్ణనుకునేదాన్ని. నువ్వేమో అంత దూరం వచ్చి వెళ్ళిపోయావు. కమ్మీ సరిగ్గా అతకలేకపోయావు, సరే. నోరు కూడా లేదా నీకు? నీ ఇంట్లో ఆడాళ్ళు లేరా?"

ఆమె తిడుతుండగానే మోపెడ్ వచ్చి ఆగింది. వెనక గోనెలో చుట్టిన ఐసు దిమ్మలు. దిగినతనికి ఎడమ కనుబొమ్మ నుంచి చెవి వెనక్కి తెల్లటి మచ్చ ఉంది.

"ఎవరీ సాయిబు?" అన్నాడు తిరుమల.

"ఆ కమ్మీ అతికినాయన. ఆరేళ్ళకి తీరుబడైంది."

నబీ లేచి నిలబడి మొదలుపెట్టాడు. తిరుమల చెయ్యి అడ్డం పెట్టి, తల తిప్పాడు. "ఇటొచ్చి చెప్పు. ఆ చెవి వినబడదు."

నబీ అటు పక్కకు వెళ్ళి, గొంతు పెంచి, మొదటి నుంచి చెప్పాడు. "రాడ్లు తడిశాయి. నాకు తెలుసు. తెలిసే అతికాను, పెళ్ళికి వెళ్ళాలని."

"తెలిసే అతికావా?"

"తెలిసే."

తిరుమల మోపెడ్‌కు స్టాండు వేశాడు. "బోటాయన నీ పేరు చెప్పాడప్పుడే. మొదటి ఏడాది నువ్వొస్తావని చూశాను. వస్తే ఏం చేసుండేవాణ్ణో నాకే తెలీదు. తర్వాత చూడ్డం మానేశా. ఎడం చెయ్యి పైకి లేవదు, వేటకి పోలేను. ఐసు పని పెట్టుకున్నాను. ఇద్దరు పిల్లలు. బానే జరిగిపోతోంది."

"నువ్వు పోయావనుకున్నాను బాబూ."

"నేనా?" తిరుమల భార్య వైపు చూశాడు. అతనికి నవ్వొచ్చింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"అడగొచ్చుగా."

"భయమేసింది."

తిరుమల ఇంకేదో అనబోయి మోపెడ్ వైపు చూశాడు. గోనె కింద నీళ్ళు కారుతున్నాయి. "ఐసు కరిగిపోతోంది. ఆ చివర పట్టుకో," అన్నాడు. ఇద్దరూ దిమ్మలు ఒక్కొక్కటే మోసి, పొట్టు పోసిన పెట్టెలో సర్దారు. నబీ చేతులు మొద్దుబారిపోయాయి. చివరి దిమ్మ పెట్టి మూత వేశాక తిరుమల, "చేప తెచ్చింది మీరేనా? పద, చూద్దాం," అన్నాడు.

దారిలో ఎస్టీడీ బూత్ కనబడితే నబీ ఆగి, పక్కింటి నంబరుకు ఫోన్ చేసి ఆమినాబీని పిలిపించాడు.

"ఉన్నాడు," అన్నాడు.

"అల్‌హమ్‌దులిల్లా," అంది ఆమినాబీ. తర్వాత, "ఎలా ఉన్నాడు?"

"ఒక చెవి వినబడదు. ఒక చెయ్యి లేవదు. ఐసు అమ్ముకుంటున్నాడు. ఇద్దరు పిల్లలు."

"సరే. పని జాగ్రత్తగా చెయ్యండి."

పదకొండు గంటలకు క్రేను చేపను లేపి దిమ్మ మీద నిలబెట్టింది, తోకను దిమ్మలోని బోల్టులకు బిగించారు. నబీ నిచ్చెనెక్కి కొమ్ము దగ్గర కూర్చున్నాడు. ఆ తెల్లవారుజామున మళ్ళీ వేడి చేసి గోనెలో చుట్టి తెచ్చిన రాడ్డు తీసి, అది ఇంకా గోరువెచ్చగా ఉందో లేదో చెంపకు ఆనించి చూసుకుని, మొదలుపెట్టాడు. ఒక వరస అతికి, పైన పట్టిన పెంకు రాల్చి, బ్రష్షు కొట్టి, మళ్ళీ ఒక వరస. ఎవరూ తొందరపెట్టలేదు. ఎలిజబెత్ కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది. గొలుసు కింద నాలుగు పాయలుగా చీలి పడవ అంచుల్ని పట్టుకుంటుంది. అవీ అతికేసరికి ఒంటిగంట దాటింది. అతుకులు చల్లారాక, అప్పటిదాకా పడవను పట్టి ఉంచిన క్రేను కొక్కెం విప్పేశారు. పడవ నేలకు రెండడుగుల ఎత్తున ఒక్కసారి ఊగి, నిలబడింది.

జనం ముందుకు వచ్చారు. రత్తమ్మ ఎప్పుడొచ్చిందో, గుంపులోంచి, "ముందు అతికినాయన్ని ఎక్కమనండి," అంది.

కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. నబీ చెప్పులు విడిచి పడవ ఎక్కాడు. గొలుసు ఒకసారి కిర్రుమంది. అతను మధ్యలో కూర్చుని తలెత్తి కొమ్ము వైపే చూస్తున్నాడు. పక్కన పడవ కాస్త కుంగింది. చూస్తే తిరుమల. అతను ఎక్కుతుంటే రత్తమ్మ చొక్కా పట్టుకుంది. "వదులు, చొక్కా చిరుగుతుంది," అంటున్నాడతను. ఆమె కూడా కొమ్మును చాలాసేపు చూసి, చొక్కా వదలకుండానే ఎక్కి ఎదురుగా కూర్చుంది.

ఆ తర్వాత బంగార్రాజు ఎక్కాడు. మరో నలుగురు ఎక్కారు. దానమ్మ అనే ముసలామె తననూ ఎక్కించమంటే ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టారు. ఉప్పెనలో ఆమె తలుపు చెక్క పట్టుకుని కొట్టుకుపోయి, మూడు మైళ్ళ అవతల తేలిందని బంగార్రాజు నబీకి చెప్పాడు. దానమ్మ మొదట రెండు చేతులతో పడవ అంచును గట్టిగా పట్టుకుంది. పడవ మెల్లగా ఊగుతోంది. కొంతసేపటికి ఆమె ఒక చెయ్యి వదిలింది, తర్వాత రెండోది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, "బావుందిరా, గట్టిగానే ఉంది," అంది. కింద నిలబడ్డ ఎలిజబెత్ మొహం పక్కకు తిప్పుకుంది.

మధ్యాహ్నం భోజనం తిరుమల ఇంట్లోనే. రత్తమ్మ చేపల పులుసు వడ్డిస్తూ ఇంకో రెండు మాటలు అంది, కానీ ముక్కలు మాత్రం నబీ కంచంలోనే ఎక్కువ పడ్డాయి. లారీ తిరిగి బయలుదేరాక నబీ తలుపుకు ఆనుకుని నిద్రపోయాడు. ఉయ్యూరు వచ్చిందీ తెలియలేదు, పోయిందీ తెలియలేదు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. ఆమినాబీ సేమ్యా పాయసం చేసి ఉంచింది. అతను కాళ్ళు కడుక్కుని వచ్చేదాకా ఆగి, గిన్నె చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆవిడ తిట్టిందా?" అని అడిగింది.

"తిట్టింది."

"బాగా?"

"బాగానే. అన్నీ నిజాలే."

ఆమినాబీ తృప్తిగా తల ఊపింది. "మంచిది. తిట్టకుండా పంపేస్తే నాకు భయమేసేది."

"నిన్ను తీసుకురమ్మంది. ఎండురొయ్యలు ఇస్తానంది."

"ఎప్పుడు?"

"ఆదివారం రమ్మంది. నిన్నేదో అడగాలట."

"ఈ ఆరేళ్ళలో నీకైనా చెప్పాడా అనే కదా, నాకు తెలుసు," అంది ఆమినాబీ, ఇంకాస్త పాయసం వడ్డిస్తూ. "వెళ్దాం. పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్దాం."